తాలీం

హబ్సిగూడ. రాత్రి పదకొండున్నర.
ఆఖరి మెట్రో కిటికీల వెలుతురు
ల్యాబ్ గోడ మీద పాకి, ఉప్పల్ వైపు జారిపోయింది.
ఇంక్యుబేటర్ తలుపు తీశాను.
ముప్పై ఏడు డిగ్రీలు. ఒంటి వేడి.

పన్నెండు గుంటల పళ్లెంలో ఉన్నది నా రక్తమే.
మంగళవారం పొద్దున ఫర్హానా మేడమ్
తనే సూది గుచ్చి తీసింది,
"ఇచ్చేవాళ్లు దొరకట్లేదు అరుంధతీ, ఈసారికి నువ్వే" అని.
అందులోంచి ఏరిన టి కణాలివి.
చంపడం వీటి వృత్తి.
కానీ పుట్టుకతో ఏదీ హంతకి కాదు.
కటకం కింద ఒట్టి చుక్కలు,
ఇంకా బడిలో వేయని పిల్లల్లా.

శత్రువు ముఖం చూపిస్తే చాలదు.
వాడేనని పక్కవాడు భుజం తట్టినా చాలదు.
మూడోది కావాలి.
ఎవరో చెవిలో మాట వేయాలి.
సైటోకైన్లంటే అవే:
నానోగ్రాముల్లో తూచే మాటలు.

మా పెదనాన్న బాలనర్సు పహిల్వాన్‌కి
ఉప్పుగూడలో తాలీం ఉండేది.
ఎర్రమట్టిలో నూనె, పసుపు కలిపి తొక్కించేవాడు.
కుస్తీకి దిగే ముందు
ఒక్కొక్కడి చెవి దగ్గరికి వంగి ఏదో అనేవాడు.
ఒకడికి "కొట్టు". ఒకడికి "ఆగు".
మిగతావాళ్లకి ఏమన్నాడో
అరుగు మీద కూర్చున్న నాకు వినబడలేదు.

మొదటి వరుసకి ఇంటర్‌ల్యూకిన్ రెండు.
పోయినసారి ఆశకొద్దీ దండిగా పోశాను.
నాలుగో రోజుకి గుంట కిటకిటలాడింది,
గులాబీ ద్రవం పసుపుపచ్చకి తిరిగింది,
ఒక్కో కణం కడుపునిండా విషపు సంచులతో
ఉబ్బి మెరిసింది.
ఫోటో తీసి అందరికీ పంపాను కూడా.
ఆ మాట ఆపిన మూడో రోజుకి
గుంటలో పొట్టు తేలింది.

జంగయ్య గుర్తొచ్చాడు.
పెదనాన్న శిష్యుల్లో వాడంతటివాడు లేడు.
చప్పట్లు వినకపోతే వాడికి అన్నం దిగేది కాదు.
ఇప్పుడు చాంద్రాయణగుట్టలో
ఫంక్షన్ హాలు గేటు కాస్తున్నాడు.
చప్పట్లు లోపల మోగుతాయి,
వేరేవాళ్లకి.

రెండో వరుసకి పన్నెండు.
అది ఉసిగొల్పే మాట, దాని సంగతి రేపు.

మూడో వరుసకి ఏడు, పదిహేను. గొంతు తగ్గించి.
ఇవి పెద్దగా పెరగవు.
చిన్నగా, గుండ్రంగా,
ఉన్న కొవ్వునే నిదానంగా కాల్చుకుంటూ
ఏ పనీ లేనట్టు కూర్చుంటాయి.
ఏళ్లకేళ్లు కూర్చుంటాయి.

ఎనిమిదో ఏట నాకు అమ్మవారు పోసింది.
మంచం చుట్టూ వేపమండలు,
తలుపుకి అడ్డంగా తడి చీర, అంతే గుర్తు.
ఆ జ్వరంలో ఏ కణానికి ఎవరు ఏం చెప్పారో
నాకు తెలీదు.
ఈ చుక్కల్లో ఏదో ఒకదానికి
ఇంకా తెలుసు.

"రెడ్‌హిల్స్ వార్డులో పిల్లలకి ఎక్కించాలి ఇవి,
ఏనాటికైనా" అంటుంది మేడమ్.
"మరీ రెచ్చగొట్టామా, పిల్లాడి ఒళ్లే తగలబడుతుంది.
మరీ జోకొట్టామా, కంతి పక్కనే పడుకుంటాయి."
అని, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటుంది.

పెదనాన్నని ఒకసారి అడిగాను,
ఎవడికేం చెప్పాలో నీకెట్ల తెలుస్తదని.
"తెల్వదు బిడ్డా," అన్నాడు మట్టి దులుపుకుంటూ,
"ఓడినంక తెలుస్తది."

పన్నెండో గుంట.
దీనికి ఎంత పోయాలో నోటుబుక్కులో లేదు,
మేడమ్ పెన్సిల్‌తో గీసిన ప్రశ్నార్థకం ఉంది.
పిపెట్ ముల్లు సరిచేసి
కొన ద్రవాన్ని తాకిందో లేదో చూడటానికి
బాగా వంగాను.
ఒక్క చుక్క.
నోటి దాకా ఏదో మాట వచ్చింది,
మాస్కు లోపలే ఉండిపోయింది.

మూత పెట్టి తారీఖు రాశాను.
కింద వాచ్‌మన్ మల్లికార్జున్ తాళాలు గలగలలాడిస్తున్నాడు.
పదో రోజు ఆదివారం పడింది.
రావాలి.